పైనుంచి రాని జవాబు

అరవైల్లో దేవరకొండలో యాకూబన్నా నేనూ కలిసి కార్ల మరమ్మతు షెడ్డు నడిపేవాళ్లం. క్లచ్ పని పడితే నేను కారు కింద పడుకుని "తొక్కన్నా" అనేవాణ్ణి. ఆయన సీట్లో కూర్చుని పెడల్ తొక్కి "తొక్కిన తమ్మీ" అనేవాడు. ఆ మాట వినబడందే లోపల చెయ్యి పెట్టేవాణ్ణి కాదు.

ఆయన జ్వరంతో చనిపోయిన నెలకే, డిండి దారిలో ఒక హైదరాబాద్ దొర స్పోర్ట్స్ కారు క్లచ్ ప్లేటు కాలి ఆగిపోయింది. దొర దూరంగా బండ మీద కూర్చున్నాడు. నేనొక్కణ్ణే ఎండలో, రోడ్డు మీదే గేర్‌బాక్స్ దింపి, కొత్త ప్లేటు వేసి మళ్లీ బిగించాను. సరిచూద్దామని అలవాటుగా "తొక్కన్నా" అని అరిచాను. అరిచాక గాని గుర్తురాలేదు, ఆయన లేడని.

అంతలో నా కళ్ల ముందే, పెడల్ తొక్కితే గాని కదలని క్లచ్ ఫోర్కు కదిలింది.

పాక్కుంటూ బయటికొచ్చి చూస్తే, బండ మీంచి ఎప్పుడు లేచొచ్చాడో, సీట్లో దొర!

"తొక్కుమన్నది నన్నే గద?"

"మిమ్ములనే, దొరా."

మళ్లీ కిందికి దూరాను. దొర తొక్కుతున్నాడు, ఫోర్కు చక్కగా కదులుతోంది. అయినా చెయ్యి పెట్టలేక, రాని ఆ మాట కోసం చాలాసేపు అలాగే పడుకుండిపోయాను.