ముప్పై ఎనిమిదో నంబరు బల్ల

ఓర్ఫా క్వామినో టీచరు చర్చిలో కూర్చోదు. వెస్ట్ ఆష్‌బీలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఆరాధన మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా వెనక గోడ పక్కన నిటారుగా నిలబడే ఉంటుంది. వాళ్ళ నాన్నా అంతే, నాయనమ్మా అంతే. చిన్నప్పుడు కాళ్ళు లాగి బల్ల మీద చతికిలబడితే నాయనమ్మ తొడపాశం పెట్టి లేపేది. ఎందుకని అడిగితే, "మనం కూర్చోం, అంతే" అనేది. అసలు కారణం ఆవిడకీ తెలియదు. ఊరివాళ్ళు మాత్రం దానికి పొగరని పేరు పెట్టారు.

కోపం టీచరుకి ముక్కు మీదే ఉంటుంది. హైస్కూల్లో లెక్కలు చెప్పిన రోజుల్లో ఆవిడ విసిరిన సుద్దముక్క గురి తప్పేది కాదు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి రెండొందల ఏళ్ళు నిండాయని ఊరంతా జెండాలు కట్టిన ఏడాది, చర్చి కమిటీకి ఒక ముచ్చట పుట్టింది. ప్రతి బల్లకీ దాని మొదటి సొంతదారు పేరుతో ఇత్తడి పలక కొట్టించాలని. పాతరోజుల్లో అక్కడ చర్చి బల్లల్ని ఇళ్ళస్థలాల్లా అమ్మేవారు. కొన్నవాడికి పత్రం, ఏటా పన్ను, ఆ తర్వాత పిల్లలకి వారసత్వం. అందుకే అక్కడ వంశం వెతుక్కునేవాళ్ళు ముందుగా బల్లల దస్తరాలే తిరగేస్తారు. టీచరూ అందుకే కమిటీ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ ముత్తాత తండ్రి సీజర్ క్వామినో పీపాలు చేసేవాడు. ఆయన ఆ చర్చి కింది అంతస్తులో బల్ల కొన్నాడని ఇంట్లో ఒక మాట ఉంది. ఆ పేరు ఆ బల్ల మీద చూసి తీరాలని ఆవిడ పట్టు.

కమిటీ పెద్ద థాడియస్ వింగేట్, ఒకప్పుడు ఆవిడ క్లాసులో లెక్కలు తప్పినవాడే. ఏ బల్ల ఎవరిదో గీసిన పాత పటం పరిచాడు.

"చూడండి టీచర్ గారూ, మీ పేరు లేదు. మీవాళ్ళు మేడ మీద కూర్చునుంటారు. ఆ రోజుల్లో నల్లవాళ్ళంతా అక్కడేగా! మెట్ల దగ్గర చిన్న పలక పెట్టిద్దాం లెండి."

ఎంత ఉదారంగా అన్నాడో! వినేవాళ్ళకి ఒళ్ళు మండాలి.

"ముప్పై ఏడు పక్కన ముప్పై తొమ్మిదుంది. మధ్యది ఏదిరా?"

"గీసినవాడు పొరపాటు పడుంటాడండీ."

"నీలాగానా? పన్ను పుస్తకం తియ్యి."

తీశాడు. నంబరు ముప్పై ఎనిమిది, సీజర్ క్వామినో, పన్ను ముట్టింది. మరుసటి ఏడూ ముట్టింది. ఆ పై ఏడూ ముట్టింది.

"లేని బల్లకి పన్నెందుకు కట్టించుకున్నార్రా?"

టీచరు అతన్ని పక్కకి నెట్టి తీర్మానాల పుస్తకం తనే లాక్కుంది. అక్కడుంది సమాధానం. "నల్లవాడు కింద బల్ల కొన్నందున దానిని ఊడదీసి, ఆ చోట చలి కాచుకొను పొయ్యి పెట్టవలెను. పన్ను మాత్రం వసూలు చేయవలెను." దాని కిందే ఇంకో తీర్మానం. "క్వామినో కుటుంబము ప్రతి ఆదివారము పొయ్యి పక్కన నిలబడుచున్నది. ఎవరును పట్టించుకొనరాదు."

పన్ను ఆపితే హక్కు పోతుంది. అందుకే సీజర్ కట్టాడు. కట్టి, పెళ్ళాం పిల్లలతో వట్టి నేల మీద నిలబడ్డాడు. ఆ చోట కాకుండా ఇంకెక్కడా కూర్చోనన్నాడు. ఆ పంతమే తరాలు దాటొచ్చి నాయనమ్మ చేత తొడపాశాలు పెట్టించింది. టీచరు పుస్తకం ధడాలున మూసింది.

"ఎప్పటి మాటలో కదండీ," నసిగాడు థాడియస్. "పెద్ద పలకే చేయిద్దాం. గోడకి..."

"పలక నీ నెత్తికి కొట్టుకో. మా బల్లేదీ?"

"ఇప్పుడక్కడ నడిచే దారి కదండీ!"

ఆదివారం ఆరాధన మొదలయ్యే వేళకి టీచరు తన వంటింటి కుర్చీ మోసుకొచ్చింది. ముప్పై ఏడుకీ ముప్పై తొమ్మిదికీ మధ్య, ఒకప్పుడు పొయ్యి ఉన్న చోట, టపీమని దించింది. థాడియస్ వంగి వంగి పరిగెత్తుకొచ్చాడు.

"టీచర్ గారూ, దారికి అడ్డమండీ. మీరెప్పుడూ నిలబడేదేగా..."

"మేం అమ్మామా? పన్ను ఎగ్గొట్టామా? ఇది మా తాతల చోటు. తప్పుకోరా!"

తప్పుకున్నాడు. ఆర్గన్ మోగింది. మొదటి పాటకి చర్చి మొత్తం లేచి నిలబడింది.

ఓర్ఫా టీచరు కూర్చుంది.