కంబం మీద మనిషి

సునీత మా సబ్‌స్టేషన్‌కు ఏడాది అప్రెంటిస్‌గా వచ్చింది. పది నెలలకే పంపించేశారు. ఎందుకని ఎవరైనా అడిగితే ఆఫీసులో ఒక కాగితం తీసి చూపిస్తారు. అందులో రాసిందంతా అబద్ధం. ఎవరో చెబితే విని అంటున్న మాట కాదు ఇది. ఆ రోజు డ్యూటీలో ఉన్న ఆపరేటర్ జయరాంను నేనే.

మాది ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డులో, పత్తి చేల మధ్య ఉన్న చిన్న సబ్‌స్టేషన్. పంతొమ్మిదేళ్లుగా నేను అక్కడ కాంట్రాక్టు మీదే ఉన్నాను. సునీతది కౌతాళం పక్క పల్లె. తండ్రి సామ్సన్, తల్లి ఇద్దరూ కూలికి పోయేవాళ్లే. ఏటా పత్తి తీతలు అయిపోగానే సుగ్గి వలసకని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి బండెక్కుతారు, మళ్లీ ఉగాదికి గానీ ఊరి ముఖం చూడరు. పిల్ల హాస్టళ్లలో పెరిగింది. ఎలక్ట్రికల్ డిప్లొమా ఫస్ట్ క్లాసులో పాసైంది. ఏడాది అప్రెంటిస్ చేసిన సర్టిఫికెట్ ఉంటే ఏ కంపెనీ అయినా గేటు లోపలికి రానిస్తుంది. లేకపోతే ఆ డిప్లొమాను అటక మీద పెట్టుకోవాల్సిందే. ఆ సర్టిఫికెట్ కోసమే మా దగ్గరికొచ్చింది.

మొదటి రోజే మా అసిస్టెంటు ఇంజినీరు, మేమంతా ఏఈ సారు అంటాం, ఆమెను పిలిచి, "ఆడపిల్లవి, యార్డులో ఎండలో ఎందుకమ్మా? ఆఫీసులో కంప్యూటరు చూసుకో" అన్నాడు. ఎండట! మిట్టమధ్యాహ్నం చేలల్లో వంగి మిరపకాయలు కోసేవాళ్ల బిడ్డకు ఎండ సంగతి ఈయన చెప్పాలి. కంప్యూటరు అన్నాడు గానీ చేయించింది టీ పెట్టడం, జిరాక్సులు తేవడం. అప్రెంటిస్‌లు వారం వారం ఏం నేర్చుకున్నారో డైరీలో రాసి సారు సంతకం తీసుకోవాలి. మొదటి వారం సునీత "తొమ్మిదిమందికి టీ పెట్టడం నేర్చుకున్నాను" అని రాసింది. సారు ఆ పేజీ చింపించాడు. ఉన్న మాటంటే ఉలుకెక్కువ.

సునీత నన్నూ వదల్లేదు. గంటగంటకూ మీటర్ల రీడింగు చూసి షీటులో రాయాలి. మేమేమో షిఫ్టు మొదట్లోనే ఎనిమిది గంటలవీ ఒక్కసారే నింపేసి కాళ్లు చాపుకునేవాళ్లం.

"అన్నా, ఇంకా పదకొండే గదా అయింది. మధ్యాన్నం రెండింటి రీడింగు ఎట్లొచ్చింది?" అని అడిగింది.

"అనుభవం పాపా."

"అనుభవానికి రేపటి రీడింగు గూడా తెలుస్తాదా అన్నా?"

నాకు ఒళ్లు మండింది. ఆ మర్నాటి నుంచి గంటగంటకూ తనే లేచి చూసి రాసేది. నా పని తను చేస్తుంటే నేనెందుకు కాదంటాను?

ఇక లైన్ క్లియర్ సంగతి చెప్పాలి. లైను మీద పనుంటే లైన్‌మన్ మాకు ఫోన్ చేస్తాడు. మేం కరెంటు ఆపి, టైముతో సహా ఆయన పేరు పుస్తకంలో రాస్తాం. పనయ్యాక అందరూ దిగారని ఆయనే ఫోన్ చేసి చెబితే, దాన్నే రిటర్న్ అంటాం, మళ్లీ వదులుతాం. కాగితం మీద బంగారంలాంటి పద్ధతి. కానీ మా లైన్‌మన్ లక్ష్మన్న కరెంటు కంబం ఎక్కి ఎనిమిదేళ్లయింది. మోకాళ్ల నొప్పులని తన బదులు మద్దయ్యను ఎక్కిస్తాడు. మద్దయ్యకు యాభై దాటాయి. ఇరవై రెండేళ్లుగా కంబాలెక్కుతున్నాడు, ఏ రిజిస్టరులోనూ లేడు. ఎప్పుడో ఒకప్పుడు పర్మినెంటు చేయిస్తానని లక్ష్మన్న చెప్పే మాటను పట్టుకుని వేలాడుతున్నాడు. పుస్తకంలో పేరు లక్ష్మన్నది, కంబం మీద ప్రాణం మద్దయ్యది. సొమ్మొకడిది, సోకొకడిది. ఏఈకి తెలుసు, నాకు తెలుసు, ఊళ్లో పిల్లకాయలకూ తెలుసు. తప్పని ఒక్కరికీ అనిపించలేదు.

జనవరిలో ఒక రోజు పదకొండున్నరకు లక్ష్మన్న లైన్ క్లియర్ తీసుకున్నాడు. కంబం మీద తీగను పట్టి ఉంచే పింగాణీ పగిలిందట, మార్చాలి. పన్నెండు దాటగానే పత్తి మిల్లు నుంచి ఏఈకి ఫోన్ల మీద ఫోన్లు. ఆయన నన్నూ లక్ష్మన్ననూ మార్చి మార్చి తిట్టాడు. ఒంటిగంటకు లక్ష్మన్న ఫోన్ చేశాడు.

"జయరామా, పనైపోయింది. రిటర్న్ రాసుకో, కరెంటు వదులు."

ఫోనులో వెనకనుంచి పెళ్లి మేళం వినిపిస్తోంది. మేనకోడలి పెళ్లికి ఎమ్మిగనూరు పోతానని ఆయన ముందు రోజే చెప్పాడు. నేను పెన్ను తీశాను. సునీత చేతిలోని టీ గ్లాసులు కింద పెట్టింది.

"అన్నా, కంబం మీద ఎవురున్నారు?"

"లక్ష్మన్న రిటర్న్ చేసినాడు గదా."

"లక్ష్మన్న పెండ్లిలో బువ్వ తింటాండాడు. ఎక్కినోడు దిగినానని సెప్పినాడా?"

మద్దయ్యకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. ఇంతలో ఏఈ మళ్లీ చేశాడు. "ఇంకా వదల్లేదా? ఉద్యోగం చేయాలని ఉందా లేదా?" అన్నాడు. నా చెయ్యి కరెంటు వదిలే బ్రేకరు మీదికి పోయింది. దాచను, పోయింది.

నేను వేసేలోపే సునీత మా గది తాళం తీసుకుని యార్డులోకి పరిగెత్తింది. ఆ లైనుకు కరెంటు పోకుండా తెరిచిపెట్టే పెద్ద స్విచ్చు అక్కడ ఉంటుంది. దాని పిడికి తాళం వేసే రంధ్రం ఉంటుంది. అందులో ఎవరూ తాళం వేయగా నేను చూడలేదు. ఆమె ఆ స్విచ్చు తెరిచి, తాళం ఆ రంధ్రంలో వేసి, తాళంచెవి చున్నీ కొంగుకు ముడేసుకుంది. ఇక నేను బ్రేకరు వేసినా లైనులోకి కరెంటు పోదు.

"పది నిమిషాలన్నా. నీ టీవీఎస్ తీసకపోతాండా," అని వెళ్లిపోయింది.

మద్దయ్య కంబం మీదే ఉన్నాడు. ఫోను కింద సంచిలో మోగుతూనే ఉంది, ఆయన రెండు చేతులూ తీగ మీద ఉన్నాయి. సంగతి విని దిగి, నేల మీద కూలబడ్డాడట. "అమ్మా, నువ్వు నా పాలిట హులిగెమ్మ తల్లివి" అని ఆ పిల్ల చేతులు పట్టుకుని ఏడ్చాడట. మరి లక్ష్మన్న ఎందుకలా చెప్పాడని మీకు అనుమానం రావచ్చు. గంటన్నర అయింది కదా, పనైపోయుంటుందిలే అనుకున్నాడట! ఒక మనిషి ప్రాణాన్ని ఇంకొకడు పెళ్లి పందిట్లో కూర్చుని అనుకోవడమేమిటి?

కరెంటు ముప్పై నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. మా డిపార్ట్‌మెంటుకు కనిపించిన నష్టం అదొక్కటే. తాళం వేసే అధికారం అప్రెంటిస్‌కు ఎవరిచ్చారని ఏఈ రిపోర్టు రాశాడు. వారానికి పై అధికారి డీఈ విచారణకొచ్చాడు. మమ్మల్ని వరసగా నిలబెట్టి, ముందు మద్దయ్యను అడిగాడు.

"నేను ఎక్కలేదు సార్. ఆ పొద్దు సేన్లో ఉన్నా," అన్నాడు మద్దయ్య నేలచూపులు చూస్తూ. ఎక్కానంటే లక్ష్మన్న సస్పెండవుతాడు, ఇరవై రెండేళ్ల ఆశ ఆవిరైపోతుంది. ఆయన భయం నాకర్థమైంది. ఆయన్ని అంత భయంలో ఉంచినవాళ్ల మీదే నా కడుపుమంట.

సునీత నా వైపు చూసింది. డీఈ నన్నడిగాడు. "చెప్పవయ్యా, కంబం మీద మనిషి ఉన్నాడా?"

"నేను చూడలేదు సార్," అన్నాను.

అది అబద్ధం కాదు, అబద్ధం కన్నా నీచం. మార్చిలో నా కాంట్రాక్టు రెన్యువల్ ఉంది. లైను మీద ఎవరూ లేకపోయినా అప్రెంటిస్ అవగాహన లేక సరఫరాకు అడ్డుపడిందని రాసిన కాగితం కింద ఏఈ, లక్ష్మన్న, నేను సంతకాలు పెట్టాం.

డీఈ చెడ్డవాడేం కాదు. "ఎవరూ లేరు, పొరపాటు పడ్డానని రాసివ్వమ్మా. మిగిలిన రెండు నెలలూ చేసుకుని సర్టిఫికెట్ తీసుకుపో," అన్నాడు సునీతతో.

"అడక్కుండా తాళం వేసినందుకు తప్పయిందని రాస్తాను సార్. ఆయన లేడని మాత్రం రాయను."

అంతే. సాయంత్రం డైరీ సంచిలో పెట్టుకుని రోడ్డు మీదికొచ్చింది. నేనూ వెంట పోయాను. యాడికి పోతావు పాపా అంటే, "నాయన దగ్గరికన్నా. మిరపకాయల పని ఇంకా రెండు నెల్లుంది," అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. ఫస్ట్ క్లాసు డిప్లొమా పిల్ల మిరపచేలో వంగి కాయలు కోస్తోంది, కంబం ఎక్కని లక్ష్మన్న నెలనెలా జీతం తీసుకుంటున్నాడు, ఏఈ బల్ల మీదికి టీ ఇంకెవరో తెస్తున్నారు.

మొన్న ఫిబ్రవరి ఆఖర్లో ఫోన్ మోగింది. లక్ష్మన్న అనుకున్నాను. మద్దయ్య.

"జయరామన్నా, తీగ తెగింది. లైన్ క్లియర్ కావాల."

"లక్ష్మన్న యాడ?"

"వస్తాడంట. ఆ పాప మల్ల డ్యూటీకి వచ్చినాదా అన్నా?"

"రాలేదు. ఇంక రాదు. నేనుండా గదా మద్దయ్యా, ఎక్కు," అన్నాను.

"నువ్వే గదన్నా ఉండేది," అన్నాడు. "నేనీ పొద్దు ఎక్కను."