శివాలయం గుమ్మంలో షానిక వాళ్లమ్మ

నా ఒళ్లు ఇంకా జలదరిస్తూనే ఉంది.

పోయిన వారమే శ్రీలంక చూసి సౌదీలోని ఖోబర్‌కు తిరిగొచ్చాం. ఈ రోజు మధ్యాహ్నం మా హాస్పిటల్ క్యాంటీన్‌లో, నాతోపాటు పనిచేసే సింహళ నర్సు షానికకు అక్కడి పాత రాజధాని పొలొన్నరువ ఫొటోలు చూపించాను. బౌద్ధ స్తూపాలన్నీ నవ్వుతూ చూసింది. చోళుల నాటి శివాలయం ఫొటో రాగానే నా ఫోన్ లాక్కుని దగ్గరగా చూసింది. గుమ్మం లోపలి చీకట్లో ఒక ముసలావిడ నిలబడి ఉంది. నేను ఫొటో తీసినప్పుడు అక్కడ ఎవరూ లేరు.

“సిస్టర్, ఈవిడ మా అమ్మ!” అంది.

షానిక తండ్రి పోయిన దుఃఖంలో ఆవిడ ఇల్లు వదిలి వెళ్లిపోయిందట. అప్పటికి షానిక ఇంకా సౌదీకే రాలేదు. ఆ తర్వాత తల్లి బతికుందో లేదో కూడా ఎవరికీ తెలియదు.

వెంటనే శ్రీలంకలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి ఆ గుడికి పంపింది. మేం డ్యూటీ దిగేసరికి అతని ఫోన్ వచ్చింది. తల్లి అదే గుమ్మంలో కూర్చుని ఉందట. అతను నోరు తెరిచేలోపే ఆవిడ అడిగిందట: “ఖోబర్ నుంచి అక్క ఫోన్ చేసిందా?”

షానిక ఏడుస్తూ నవ్వింది. మా ఆయన మాత్రం, “ముందు ఆ ఫొటో తీసెయ్యవే తల్లీ” అంటున్నారు. నాకు చెయ్యి రావడం లేదు. మీరైతే ఉంచుకుంటారా?