లువా ఏడిస్తే ఎవరు నమ్ముతారు

వియత్నాంలో నామ్ దిన్ పట్నం చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు పోయినా ముందు శవపేటిక చేసేవాడికి కబురు వెళ్ళేది, ఆ వెంటనే లువాకి. తలకు తెల్లగుడ్డ కట్టుకుని, మైకు పుచ్చుకుని, పోయినవాళ్ళ కూతుళ్ళ తరఫున, కోడళ్ళ తరఫున, సైగాన్ నుంచి రాలేకపోయిన కొడుకు తరఫున కూడా ఆమే ఏడ్చేది. కూతురి ఏడుపుకి ఒక రాగం, కోడలి ఏడుపుకి ఇంకో రాగం. కోడలి ఏడుపులో మధ్యమధ్య ఊపిరి తీసుకునే వీలుండేది, ఆ వరసలో అంత దుఃఖం ఎవరూ ఆశించరు కనుక. ఆమె ఏడుపు విని కళ్ళు తుడుచుకోని వాళ్ళు లేరు, ఆమె తప్ప. ఆమె మాత్రం పేటిక మీద వాలి శోకాలు పెడుతూనే, వంటింటి వాసనను బట్టి ఆ పూట పంది మాంసం ఉందో లేదో తేల్చేసుకునేది.

అలాంటి మనిషికి కుడి ఊపిరితిత్తిలో గడ్డ కనిపించింది.

"ఛాతీ కొయ్యం అమ్మమ్మా," అన్నాడు పట్నం ఆసుపత్రిలో కుర్ర డాక్టరు కియెన్. "పక్కటెముకల మధ్య మూడు చిన్న చిల్లులు పెడతాం. ఒకదాంట్లోంచి కెమెరా వెళుతుంది, అంతే."

"మూడేనా? మా ఇంటి కప్పుకి అంతకంటే ఎక్కువే ఉన్నాయి," అంది లువా.

ఆపరేషన్ బాగానే జరిగింది. తీసిన గడ్డ ప్రమాదం లేనిదేనని తేలింది. తీరా మత్తు దిగేసరికి ఎవరో పక్కటెముకల కింద కొరివి పెట్టి తిప్పుతున్నట్టుంది. పక్కలోంచి సీసాలోకి దిగిన గొట్టం ఊపిరి పీల్చినప్పుడల్లా లోపల గీరుకుంటోంది.

"సున్నా నుంచి పది దాకా చెప్పు పిన్నీ, నొప్పి ఎంతుంది?" అని అడిగింది నర్సు హిన్.

"పది."

హిన్ నవ్వేసింది. "మా మావగారు పోయినప్పుడు నువ్వే వచ్చావు. నన్నూ తీసుకుపో అంటూ పేటిక మీద పడ్డావు. ఆయన మొహం కూడా నువ్వెప్పుడూ చూసి ఉండవు. ఆ లెక్కన దీన్ని నాలుగనుకుందాం." నాలుగుకి తగ్గ మాత్ర ఒకటి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

లువాకి ఒళ్ళు మండిపోయింది. ఊరందరి దుఃఖం నమ్మించిన తనకి, తన నొప్పి నమ్మించడం చేతకాదా? కూతురి రాగం అందుకుంది. క్షణంలో వార్డంతా మంచం చుట్టూ చేరింది. ఒకామె కళ్ళు ఒత్తుకుంది. ఎదురు మంచం ముసలాయన కొడుకు మాత్రం మండిపడ్డాడు. "ఇక్కడ అందరం బతుకుదామని వచ్చాం. ఆ చావుపాట ఆపమనండి." ఆ మాట అన్నవాడే వరండాలో లువా కోడలు తుయెత్‌ని పక్కకి పిలిచి ఫోన్ నంబరు తీసుకున్నాడు. "ఇప్పుడే కాదనుకో, ముందుచూపుతో," అన్నాడు.

డాక్టరు వచ్చి కోప్పడ్డాడు. "మూడు చిన్న చిల్లులకి ఇంత గోలా అమ్మమ్మా? గట్టిగా ఊపిరి తియ్యాలి, దగ్గాలి. లేకపోతే కఫం పేరుకుని న్యుమోనియా పట్టుకుంటుంది." పీలిస్తే లోపల బంతులు పైకి లేచే డబ్బా ఒకటి ఇచ్చాడు. లువా నోట పెట్టుకుంది. ఒక్క బంతీ కదల్లేదు. బద్ధకం అని గొణుక్కుంటూ పోయాడాయన.

మర్నాటికి లువా నోరు మూతపడింది. కుక్కపిల్లలా పైపైన ఊపిరి తీస్తూ గోడకేసి చూస్తోంది. ఒళ్ళు కాలిపోతోంది.

"హమ్మయ్య, తగ్గినట్టుంది," అంది హిన్.

తుయెత్ ఎన్నో ఏళ్ళుగా అత్త వెనకాల మైకు పెట్టె మోస్తోంది, ఇంట్లో చేపల పులుసు దగ్గర రోజూ ఆమెతో తగాదా పడుతోంది. చేతిలో జావగిన్నె కింద పెట్టింది.

"తగ్గలేదు. డాక్టరుగారిని పిలవండి."

"నోరెత్తడం లేదుగా?"

"అందుకే పిలవమంటున్నా. సొంత మొగుడు, మా మావయ్య పోయినప్పుడు ఈవిడ ఇలాగే కూర్చుంది. కన్నీటి చుక్క లేదు, మాట లేదు. పరువు పోతుందని పక్క ఊరి నుంచి ఇంకొకామెని కూలికి తెచ్చి ఏడిపించాం. ఈవిడ అరిచినన్నాళ్ళూ మీరు నవ్వుకోండి, నేనూ నవ్వుతా. ఇప్పుడు మాత్రం నాకు భయంగా ఉంది."

డాక్టరు కియెన్ వచ్చి పక్కటెముక కింద వేలితో నొక్కాడు. లువా అరవలేదు. ఆయన కోటు పట్టుకుంది, అంతే. ఆ పట్టు విడిపించుకోవడం ఆయన వల్ల కాలేదు. మొహంలో వెటకారం పోయింది. పైన చిల్లు చిన్నదే కానీ ఎముక కింద నరం నలిగిపోయిందని అప్పటికి ఆయన బుర్రకి ఎక్కింది. నొప్పికి మందులు మార్చాడు, జ్వరానికి ఇంకోటి రాశాడు, వీపు పక్కన ఆ నరం దగ్గర ఇంజక్షన్ ఇచ్చాడు.

కాసేపటికి లువా ఊపిరి నిండా పీల్చింది. డబ్బాలో ఒక బంతి లేచింది. తర్వాత పేగులు కదిలేలా దగ్గింది. దగ్గు ఆగాక ఏడుపు మొదలైంది. రాగం లేదు, గొంతు లేదు. మొహం వంకరపోయి, ముక్కు కారిపోతోంది.

"మళ్ళీ నొప్పా అత్తా?"

లువా తల అడ్డంగా ఊపింది.

"ఇలా ఏడిస్తే ఇంక మనల్ని ఎవరూ పిలవరు," అంది తుయెత్, ఆమె ముక్కు తుడుస్తూ.

"ఇది ఊరివాళ్ళకి కాదే. మీ మావకి," అంది లువా. "నువ్వు అటు తిరిగి కూర్చో."

తుయెత్ అటు తిరిగి కూర్చుంది.