ఐదు కాళ్ల ఈఫిల్ టవర్

మా బాబాయి దేన్నీ ఊతం లేకుండా నిలబడనివ్వడు. గోడకు నిచ్చెన ఆనిస్తే దానికొక కర్ర ఊతం పెడతాడు. ఆ కర్ర జారుతుందేమోనని ఇటుక అడ్డం పెడతాడు. ఆ ఇటుక తగిలి ఎవరైనా బోర్లా పడతారేమోనని పక్కనే కాపలా నిలబడతాడు. ఇక నిచ్చెన ఎక్కడానికి మనిషి మిగలడు. వాళ్ల వరండాలో మాడిపోయిన బల్బు నేటికీ మాడిపోయే ఉంది.

ప్రపంచ ప్రసిద్ధ కట్టడాలకు నమూనాలు చేసి అమ్మడం ఆయన వృత్తి. చెక్క గానీ, అట్ట గానీ, ప్లాస్టర్ గానీ ఆయన చేతిలో పడితే బల్లమీద పెట్టుకునేంత అద్భుతమై బయటికొస్తుంది. పనితనానికి వంక పెట్టలేం. కాకపోతే ఆయన చేసే ఈఫిల్ టవర్‌కు ఐదు కాళ్లుంటాయి.

“నాలుగే కదండీ ఉండాలి?” అని ఒకసారి ఒక టీచరమ్మ అడిగింది.

“అసలు దానికి నాలుగేనమ్మా.”

“మరి మధ్యలో ఇదేమిటి?”

“అది నేను పెట్టానులెండి. ఇరవై ఏళ్లుంచి విప్పేద్దామని కట్టిన టవరు అది. గడువు దాటి ఎంత కాలమైందో చూడండి. ఇంకో కాలుంటే దానికీ నిశ్చింత, మనకూ నిశ్చింత.”

పీసాలోని వాలిన గోపురం నమూనాదీ ఇదే కథ. అది వాలిన వైపు ఒక సన్నని కర్ర ఆనించి ఉంటుంది. కొనడానికి వచ్చినాయన కర్ర తీసేస్తేనే కొంటానన్నాడు. తీసేస్తే అమ్మనని బాబాయి అన్నాడు. వచ్చినాయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పిన్ని తలెత్తకుండానే, “బేరం కూడా అటు వాలిపోయింది. దానికీ ఒక కర్ర పెట్టండి” అంది.

కట్టడాల గురించి బాబాయి చెప్పే కబుర్లన్నీ వాటి రూపకర్తల నిద్ర దగ్గరికే వచ్చి ఆగేవి. గోపురం మెత్తటి నేలలో కుంగడం మొదలుపెట్టిన రోజున మేస్త్రీకి కంటిమీద కునుకు పట్టిందా? సిడ్నీ ఒపేరా హౌస్‌ను గీసినాయన పని సగంలో వదిలి వెళ్లిపోయి, పూర్తయ్యాక మళ్లీ వచ్చి చూసుకోనే లేదట; ఆయనెలా పడుకున్నాడో? దగ్గరి బంధువులకు జ్వరమొచ్చినట్టు ఆరా తీసేవాడు.

నేనూ చెల్లీ పదేపదే చెప్పించుకున్నది మాత్రం బ్రూక్లిన్ వంతెన కథ. అది తెరిచిన కొత్తలో కూలిపోతోందని పుకారు పుట్టి, తొక్కిసలాటలో జనం చనిపోయారు. మరుసటేడు ఒక సర్కస్ యజమాని తన ఏనుగులన్నింటినీ దానిమీద బారుగా నడిపించాడు. అప్పుడు గానీ జనానికి గుండె కుదుటపడలేదు.

“సరే, ఏనుగులు పైన నడిచాయి. మరి అప్పుడు కింద ఎవరున్నారు?” అని చెల్లి అడిగేది.

“అదే నా బాధ కూడా” అనేవాడు బాబాయి.

తాను మాత్రం ఏ వంతెన కిందికీ వెళ్లి ఎరుగడు. బజారు దగ్గరి ఫ్లైఓవర్ కింద నుంచి రెండు అడుగులు వేస్తే మందుల దుకాణం వస్తుంది. ఆయన మూడు వీధులు చుట్టి వచ్చేవాడు, తలనొప్పితో బయల్దేరి కాళ్లనొప్పులతో చేరేవాడు. మంగలి షాపులో ఫ్యాను కింద కుర్చీ ఖాళీగా ఉన్నా వద్దని వంతు వదులుకునేవాడు. చూసి చూసి మా వీధి దర్జీ ఒక సూత్రం కనిపెట్టాడు: “ఆయన ఏ కప్పు కింద కూర్చుంటే ఆ కప్పుకు ఇక ఢోకా లేదు.” అందరూ నవ్వేవాళ్లు. నవ్వుతూనే, కొత్త ఇల్లు కొనేవాళ్లు బాబాయిని వెంట తీసుకెళ్లేవాళ్లు.

ఇలాంటి వంశంలో మా చెల్లి వంతెనల ఇంజనీరయింది. కాలువ మీద, బజారుకూ ఆసుపత్రికీ మధ్య, కాలినడక వంతెన ఒకటి గీసింది. అదే దాని మొదటి పని. మధ్యలో స్తంభం లేకుండా ఒక గట్టు నుంచి మరో గట్టుకు ఒక్క దూకులో దాటడం ఆ వంతెన అందం. చెల్లి పై అధికారి మొహమాటం లేకుండా చెప్పాడు: “జనం నమ్మి నడిచారా, నదిమీద పెద్ద వంతెన కూడా నీకే. ప్రారంభం రోజున గొడవైందా, అది వేరేవాళ్లకు.”

ఈ మాట తెలిసిన రోజు నుంచి మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. మా భయం వంతెన గురించి కాదు, బాబాయి గురించి.

ఆయన ఊరుకోలేదు. బడ్డీకొట్టు దగ్గర, దర్జీ దగ్గర, కూరగాయల దగ్గర, “మధ్యలో స్తంభం లేదు, చూశారా?” అని అడుగుతూ తిరిగాడు. అడిగిన తీరులో దురుద్దేశం లేదు. కానీ అడిగింది బాబాయి. వారం తిరక్కుండా బజారంతా స్తంభం గురించే మాట్లాడుకోసాగింది. ఇసుక బస్తాలు వేసి బరువు పరీక్ష చేశారని చెబితే, “బస్తాలకేం, వాటికి పెళ్లాం పిల్లలున్నారా?” అన్నాడు దర్జీ.

రోజూ సాయంత్రం బాబాయి ఇంటికొచ్చి చెల్లి ఎదురుగా కూర్చునేవాడు.

“నిద్రపోతున్నావా?”

“లేదు బాబాయ్.”

“గాలి గట్టిగా వస్తే?”

“లెక్క వేశాను.”

“అందరూ ఒక్కసారే ఎక్కితే?”

“అదీ వేశాను.”

“కుక్కలు కూడా ఎక్కితే?”

అమ్మకు ఒళ్లు మండింది. “పిల్ల అసలే సగమైంది. నీ భయమంతా తెచ్చి దాని నెత్తిన ఎందుకయ్యా పోస్తావు?” అని కేకలేసింది. ఆయన లేచాడు. వెళ్తూ వెళ్తూ మా టీపాయి ఊగుతోందని దాని కాలికింద అట్టముక్క దోపి వెళ్లాడు.

ప్రారంభానికి రెండు రోజుల ముందు పిన్ని నాకు ఫోన్ చేసింది. “మీ బాబాయి రెండు సరుగుడు కర్రలు తెచ్చి వాకిట్లో పెట్టాడు. ఎందుకంటే చెప్పడు. ఆ కాలువ వైపే చూస్తున్నాడు.” వంతెనకు కర్ర ఆనించబోతున్నాడని నాకు అర్థమైంది. పై అధికారి ముందు, ఫొటోలు తీసేవాళ్ల ముందు, చెల్లి వంతెనకు ఊతకర్ర. వెంటనే వెళ్లి ఆ కర్రలు ఆటోలో వేసుకొచ్చి మా మంచం కింద దాచాను. ప్రారంభం రోజు ఆయన్ని కనిపెట్టుకుని ఉండే బాధ్యత కూడా నాకే అప్పగించారు.

ఆ ఉదయం నేను వెళ్లేసరికే బాబాయి ఇంట్లో లేడు.

“పొద్దున్నే వెళ్లాడమ్మా. వంటింట్లో ఇత్తడి గిన్నె, ప్లాస్టిక్ స్టూలు కూడా లేవు” అంది పిన్ని.

వంతెన దగ్గరికి పరుగెత్తాను. రిబ్బను కత్తిరించడం అయిపోయింది. పై అధికారి అటూ ఇటూ నడిచి వచ్చాడు. ఆయన తర్వాత ఒక్కరూ అడుగు వేయలేదు. బజారు బజారంతా గట్టుమీద నిలబడి, మర్యాదగా, ఒకరికొకరు దారి ఇచ్చుకుంటోంది.

“మీరు పదండి.”

“అయ్యో, పెద్దవారు, ముందు మీరు.”

చెల్లి రెయిలింగు పట్టుకుని నిలబడింది. పై అధికారి గడియారం చూసుకున్నాడు. నన్ను చూసి దర్జీ, “మీ బాబాయి ఏడమ్మా? ఆయన ఏమంటాడు?” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నావైపు తిరిగారు.

అప్పుడే కింద నుంచి దగ్గు వినిపించింది.

అందరం తొంగి చూశాం. ఎండలకు కాలువ తగ్గి చీలమండ లోతు నీళ్లున్నాయి. ఆ నీళ్లలో, వంతెనకు సరిగ్గా నడిమధ్యన, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, నెత్తిన ఇత్తడి గిన్నె బోర్లించుకుని, స్టూలు మీద మా బాబాయి కూర్చుని ఉన్నాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.



“బాబాయ్, అక్కడేం చేస్తున్నావు?” అని అరిచింది చెల్లి.

“కూర్చున్నాను.”

“ఎందుకు?”

“మనకు ఏనుగులెక్కడ దొరుకుతాయే?” కళ్లు తెరవకుండానే అన్నాడు. “ఈ స్తంభం గోల లేపింది నేను. రెండు కర్రలు పాతి, వాటికి గొడుగు కట్టి, దాని కింద కూర్చుందామనుకున్నాను. అవేమో మీ అక్క పట్టుకుపోయింది. ఇక మిగిలింది నేనే.”

“పైకి రా బాబాయ్. నీకు భయం కదా.”

“భయమే. అది నా పని. నాకెలాగూ అలవాటు. నీ వంతు కూడా నేనే భయపడతాను గానీ, నువ్వు ఇవాళైనా పడుకో.” గిన్నె సర్దుకుని గొంతు పెంచాడు. “నడిచేవాళ్లు నడవండయ్యా. నీళ్లు చల్లగా ఉన్నాయి.”

దర్జీ ఒకసారి గిన్నె వైపు, ఒకసారి వంతెన వైపు చూశాడు. “ఆయనే కింద కూర్చున్నాక ఇంకేం కావాలి” అని అడుగు వేశాడు. వెనకాలే కూరగాయలావిడ, ఆమె వెనక టీచరమ్మ, తర్వాత ఎవరు ముందో తెలియనంతగా జనం. వీధికుక్క ఒకటి కూడా దాటింది. ఆఖరి మనిషి దాటాకే బాబాయి కళ్లు తెరిచాడు.

నది మీది వంతెన చెల్లికే వచ్చింది. ఆ సాయంత్రం అది భోజనం కూడా చేయకుండా సోఫాలోనే నిద్రపోయింది. బాబాయి వచ్చి, దాని మెడ పక్కకు వాలకుండా ఒక దిండు ఊతం పెట్టి వెళ్లాడు.

ఇప్పుడు ఆయన దుకాణంలో మా చెల్లి వంతెన నమూనా కూడా ఉంది. ఆయన చేసినవాటిలో కర్ర లేనిది అదొక్కటే. కింద, నీలం రంగు పూసిన అట్టమీద, నెత్తిన గిన్నెతో స్టూలు మీద కూర్చున్న చిటికెన వేలంత మనిషి ఉంటాడు.

“ఈయనెవరండీ?” అని కొనేవాళ్లు అడుగుతారు.

“ఆ వంతెనకు అదే ఐదో కాలు” అంటుంది పిన్ని, కాగితంలో చుట్టి ఇస్తూ.