మిర్గం మరునాడు

జూన్ ఎనిమిది, మిర్గం. హాజరు: నేను, నా భార్య, కోడలు. వంట: కొర్రమీను పులుసు. తిన్నవారు: ఇద్దరు.

తార్నాకలోని మా ఫ్లాటులో నిన్న మధ్యాహ్నం డైరీలో ఇంతవరకు రాసేసరికి, పెళ్లయి నాలుగు నెలలైన కోడలు పక్కనుంచి చదివేసింది. "అత్తమ్మ ఎందుకు తినలే మామయ్యా? ఒంట్ల మంచిగ లేదా?" అంది. కరీంనగర్ పిల్ల, మృగశిర కార్తె మొదలైన రోజు చేప తినని మనిషిని చూసి ఉండదు. లోపలినుంచి నా భార్య, "నాకేటి, గుండ్రాయిలా ఉన్నాను. తినను, అంతే" అంది.

ఈ 'తినను'కు మా కాపురమంత వయసు. అప్పుడు క్యాంపస్‌లో, యూనివర్సిటీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నా భార్యది భీమిలి. సముద్రంలో పడ్డదే చేప అని ఆమె నమ్మకం. మా అమ్మకు చెరువుదే చేప. ఆ ఏడు మిర్గానికి అమ్మ మా ఊరి కొర్రమీనును నీళ్ల బకెట్‌లో వేసుకుని, ప్రాణంతోనే బస్సులో తెచ్చింది. దానికీ టికెట్ కొట్టాలా అని కండక్టర్ అడిగాడట. అమ్మ దాన్ని బూడిద వేసి రాయికి రుద్ది, చింతపులుసు పోసి వండి, కొత్త కోడలి కంచంలో తల ముక్క వేయబోయింది. నా భార్య చెయ్యి అడ్డం పెట్టింది.

"మిర్గం నాడు ఒక్క ముక్కన్న తినాలె బిడ్డా. లేకుంటే వానకాలమంత దగ్గే."

"మా ఊళ్లో రోజూ తింటాం అత్తయ్యా. మందులాగ ఒక్కరోజు తినడమేటి? పైగా బురద వాసన."

"నీ సముద్రం చేప ఐసుల పండుకోని పట్నమొస్తది. నాది పానంతోని బస్సెక్కొచ్చింది. దాన్నంటవా?"

నా భార్య లేచి, పుట్టింటి డబ్బా తెరిచి ఎండు నెత్తళ్లు వేయించుకుంది. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఈమె ముక్క ముట్టకుంటే రేపు పొద్దుగాల మొదటి బస్సుకే పోత. మల్ల ఈ గడప తొక్క" అంది. అమ్మ అన్నంత పనీ చేసే మనిషి. నేను రెండూ తిని ఇద్దరికీ చెడ్డాను.

తెల్లారి అమ్మ సంచి సర్దుకుని, ఖాళీ బకెట్ కోసం వంటింట్లోకి వెళ్లింది. వెనకే నేను. నా భార్య నేలమీద కూర్చుని, సద్దన్నంలో నిన్నటి పులుసు కలుపుకుని, తల ముక్క జుర్రుకుంటోంది.

"మిర్గం నిన్ననే పాయె," అంది అమ్మ. "ఇయ్యాల తింటే లెక్కకు రాదు."

"లెక్కకి తినట్లేదత్తయ్యా. బాగుంది, తింటన్నాను."

అమ్మ సంచి కింద పెట్టింది. "గా ఎండువి ఇంకిన్ని ఉన్నయా?"

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. నా భార్య మాత్రం ఇప్పటికీ ఏ మిర్గం నాడూ చేప ముట్టలేదు. ఏ మరునాడూ మానలేదు. ఈ ఉదయమూ సద్దన్నంతో కూర్చుంది. చూసిన కోడలు నవ్వి, తన కంచం కూడా తెచ్చుకుంది. నేను డైరీ తీసి, నిన్నటి పేజీలో 'ఇద్దరు'ను 'ముగ్గురు'గా దిద్దబోయి ఆగాను. క్యాలెండర్ ఏమన్నా సరే, మా ఇంట్లో మిర్గం ఒకరోజు ఆలస్యంగా వస్తుంది.