సగం మాటకు ఆమెన్

ఆయన అసలు పేరు మందిరం రిజిస్టరులో ఉందేమో గాని, మనుషుల నోళ్ళలో లేదు. అందరికీ ఆమెన్ మేస్త్రీ. ముప్పై ఏళ్ళు బాయిలర్లు తయారుచేసే షెడ్డులో పనిచేశాడు. ఇనుప డ్రమ్ము లోపల ముడుచుకు కూర్చుని, బయటివాడు సుత్తితో కొట్టే ప్రతి రివిట్టుకూ లోపలి నుంచి బరువైన కడ్డీ దన్ను పట్టాలి. అదీ ఆయన పని. నలభై దాటేసరికి రెండు చెవులూ పోయాయి. చెవుల్లో పెట్టుకోమని షెడ్డువాళ్ళు దూది ఇచ్చారట. ఎంత దయో చూడండి!

చెవిటివాడికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు. మందిరంలో ప్రార్థన ఎప్పుడు ముగిసిందో అంతకన్నా తెలియదు. ఆ రెండో లోటు భార్య తీర్చింది. పక్కనే కూర్చుని, ప్రార్థన ముగియగానే ఆయన మోకాలి మీద రెండుసార్లు నొక్కేది. మేస్త్రీ వెంటనే "ఆమెన్!" అని అరిచేవాడు. కిటికీ అద్దాలు గడగడలాడేవి. కునుకు తీస్తున్న పెద్దమనుషులు ఉలిక్కిపడి, తామూ ఆమెన్ అనేసేవారు. పిల్లలు బెంచీల కింద దూరి నవ్వుకునేవారు. నవ్వని పిల్ల ఒక్కతే, ఆయన కూతురు. తల కొట్టేసినట్టయి, ఆయనెవరో తనకు తెలియనట్టు వెనక బెంచీకి పోయి కూర్చునేది. పెద్దయ్యాక ఆ వెనక బెంచీ కూడా మానేసింది.

భార్యకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. మూడు నెలలు ఆసుపత్రిలోనే. పాస్టరుగారు వారానికి రెండుసార్లు వచ్చి మంచం పక్కన ప్రార్థన చేసేవారు. మేస్త్రీ కళ్ళు మూసుకుని, ఆమె చేతిలో చెయ్యి పెట్టి కూర్చునేవాడు. ఆమె నొక్కేది, ఆయన అరిచేవాడు, నర్సు పరుగున వచ్చి పెదాల మీద వేలు పెట్టి చూపించేది. రాను రాను ఆ నొక్కు తేలికైపోయింది. చివరి వారంలో మొదటి నొక్కుకూ రెండోదానికీ మధ్య చాలా ఎడం వచ్చేది. మొదటిదానికే ఆమెన్ అనెయ్యొచ్చు. అయినా ఆయన ఊపిరి బిగబట్టి రెండోదాని కోసం కాచుకునేవాడు. ఒకరోజు రెండోది రాలేదు.

సమాధి దగ్గర మిట్టమధ్యాహ్నపు ఎండ. చెప్పే చెయ్యి లేదు కనక మేస్త్రీ కళ్ళు మూసుకోకుండా పాస్టరుగారి పెదాలనే చూస్తూ నిలబడ్డాడు. పెదాలు కదిలాయి, కదిలాయి, ఆగిపోయాయి. పాస్టరుగారు తల దించుకుని రుమాలుతో ముఖం తుడుచుకున్నారు. అయిపోయిందనుకున్నాడు పాపం. ఉన్న బలమంతా కూడదీసుకుని "ఆమెన్!" అన్నాడు.

అందరి ముఖాలూ ఆయన వైపు తిరిగాయి. బావమరిది పళ్ళు కొరికాడు. ఇంటికొచ్చాక మేస్త్రీ కూతుర్ని పట్టుకున్నాడు.

"నేనేం తప్పు చేశానే? అందరూ అలా చూశారేం?"

ఆయనతో మాట్లాడటానికి ఇంట్లో ఒక పలక ఉంది. ఏదో ఒకటి రాసి సర్దేస్తే పోయేది. కాని ఆ పూట ఆ పిల్లకు ఎవరి మీదైనా కోపం తీర్చుకోవాలని ఉంది. "దేవా, ఆమెను మా మధ్య నుంచి తీసుకున్నావు" అని రాసి, కింద "అక్కడ అన్నావు నాన్నా" అని చేర్చింది.

ఆమెన్ అంటే అలాగే జరుగుగాక అని. పెళ్ళయిన కొత్తలో ఆ అర్థం చెప్పింది భార్యే.

ఆ తరవాత ఆయన మందిరంలో అడుగు పెట్టలేదు. ఆదివారం పొద్దున ఇస్త్రీ చొక్కా వంకెకు అలాగే వేలాడేది. ఆయన మోకాలి మీద అరచెయ్యి పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చునేవాడు. ఆరో వారం పాస్టరుగారే ఇంటికొచ్చారు. ఆయన బెంచీ మీద కూర్చోకముందే మేస్త్రీ అందుకున్నాడు.

"ఆ మాట అన్నానంటే ఒప్పుకున్నట్టేగా అయ్యగారూ? నేనొప్పుకోలేదు. దేవుడికి చెప్పండి, నేనొప్పుకోలేదని!"

వీధి వీధంతా విన్నది. పాస్టరుగారు పలక తీసుకున్నారు. ఇక ఉపదేశం మొదలనుకుంది గుమ్మంలో నిలబడ్డ కూతురు. ఆయన రాసింది వేరు.

"నేనూ ఒప్పుకోలేకపోయాను. అందుకే గొంతు పట్టేసి ఆగిపోయాను. ఆ వాక్యం సగమే అయింది మేస్త్రీగారూ."

మేస్త్రీ ఆ అక్షరాల మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. "మిగతా సగం ఏంటి?"

పాస్టరుగారు పలక తుడిచి మళ్ళీ రాశారు. "తీసుకున్నావు. మళ్ళీ చూపిస్తావని నమ్ముకుని ఉన్నాం."

"దానికి నాకు నోరు రావట్లేదు అయ్యగారూ."

"రానక్కర్లేదు. వచ్చి కూర్చోండి చాలు" అని దాని కిందనే రాసి, ఆయన అరచేత్తో బెంచీ మీద తట్టి చూపించారు.

ఆ పలక మేస్త్రీ తుడవనివ్వలేదు. అన్నానికి పిలవాలన్నా, మందు వేసుకోమనాలన్నా కూతురు సైగలతోనే నెట్టుకొచ్చింది.

ఇలాంటి కథల్లో మర్నాటికే అంతా చక్కబడిపోతుంది. ఇక్కడ అలా ఏమీ కాలేదు. ఆయన వెళ్ళాడు, తన చోట కూర్చున్నాడు, పక్కన ఖాళీ. ప్రార్థన ముగించి పాస్టరుగారు అలవాటుగా ఒక్క క్షణం ఆగేవారు. ఏమీ వచ్చేది కాదు. మిగతావాళ్ళు నసుగుతూ ఆమెన్ అనేవారు. కూతురు ఆయన్ని దిగబెట్టి బయట మెట్ల మీద కూర్చునేది. నాలుగు ఆదివారాలు అలాగే గడిచాయి.

అయిదో ఆదివారం వాన పట్టుకుంది. మెట్లు తడిసిపోవడంతో ఆమె లోపలికి రాక తప్పలేదు. వచ్చేసరికి ఖాళీగా ఉన్నది అమ్మ చోటొక్కటే. కూర్చుంది. ఆ వేళ పాస్టరుగారు అయినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళ కోసం ప్రార్థించారు. తీసుకున్నావు అన్నారు. ఈసారి ఆయన గొంతు ఆగలేదు. మళ్ళీ చూపిస్తావని నమ్ముకుని ఉన్నాం అన్నారు. ముగించి, అలవాటుగా ఆగారు.

కూతురు చెయ్యి ఆమెను అడక్కుండానే కదిలింది. తండ్రి మోకాలి మీద ఒకసారి నొక్కింది. మేస్త్రీ ఒళ్ళంతా బిగుసుకుంది. రెండోసారి నొక్కింది.

ఆయన పెదాలు కదిలాయి. గొంతు పెగిలిందో లేదో ఆయనకే తెలియదు. కంగారుగా కూతురి వైపు తిరిగాడు.

"అమ్మాయ్, వినపడిందా?"

ఆ ప్రశ్నకు అద్దాలు గడగడలాడాయి. పిల్లలు బెంచీల కింద దూరి నవ్వారు. నిజానికి ఆమెకు ఆమెన్ వినపడలేదు, పెదాలు కదలడం మాత్రం చూసింది. ఈసారి వెనక బెంచీకి పోలేదు. ఆయన మోకాలి మీద మళ్ళీ రెండుసార్లు నొక్కింది.